ద్రాక్షలో నారికేళపాకం

ఫ్రాన్సు దేశంలోని బోర్డో ప్రాంతపు ఎర్ర వైన్ సీసా మీద ముద్రించే సంవత్సరం ఆ వైన్‌ను సీసాకెత్తిన సంవత్సరం కాదు; దాని ద్రాక్షను కోసిన సంవత్సరం. చరిత్ర చదువుకున్నవాడిని కనుక నాకది శాసనంలోని శకవర్షం వలె కనిపిస్తుంది. శాసనంలో దాత ప్రశస్తి అతిశయోక్తి కావచ్చు, వంశావళి కల్పితం కావచ్చు. కాలనిర్దేశం మాత్రం చాలావరకు నమ్మదగినదై ఉంటుంది. సీసా మీది కోట బొమ్మా, కిరీటమూ, బంగారు అక్షరాలూ ప్రశస్తి భాగం. ఆ నాలుగంకెలే సాక్ష్యం.

ప్రశస్తికి కూడా ఒక చరిత్ర ఉంది. 1855లో పారిస్ ప్రదర్శన సందర్భంగా బోర్డో వర్తకులు, ముఖ్యంగా మెడోక్ సీమలోని తోటలను, వాటి వైన్ పలికే ధరను బట్టి అయిదు శ్రేణులుగా విభజించారు. ఆ పట్టిక నేటికీ దాదాపు అలాగే ఉంది. మూతోన్ రోత్‌షీల్డ్ అనే తోటకు రెండవ శ్రేణి నుంచి మొదటి శ్రేణికి పదోన్నతి లభించింది 1973లో. అంటే నూట పద్ధెనిమిది సంవత్సరాల నిరీక్షణ. పదోన్నతుల జాప్యాన్ని గురించి వాపోయే మా సహోద్యోగులకు ఈ ఉదాహరణ చెబుతుంటాను. అయితే హోదా తోటకే గాని ఏటికి లేదు. మంచూ, వానా ఏ శ్రేణినీ గుర్తించవు.

2021 అటువంటి ఏడు. మార్చి నెలాఖరున ఎండ కాసి, తీగలు తొందరపడి చిగుర్చాయి. ఏప్రిల్ మొదటి వారం దాటుతుండగా ఫ్రాన్సులో అధికభాగం మీద గడ్డకట్టించే చలి విరుచుకుపడింది. రైతులు రాత్రులు వరుసల మధ్య మంటలు వెలిగించి చిగుళ్ళను కాపాడుకోజూశారు. మిగిలిన దానిని జూన్, జూలై వానలూ, వాటి వెంట వచ్చిన బూజు తెగులూ పట్టుకున్నాయి. వేసవి చల్లగా గడిచింది. సెప్టెంబరు కొంత కరుణించడంతో, కాబెర్నే సొవిన్యోఁ కాయను అక్టోబరు దాకా తీగ మీదనే ఉంచగలిగినవారు బాగుపడ్డారు. హైదరాబాదు పరిసరాల అనాబ్-ఎ-షాహీ వంటి పెద్ద పండు కాదిది. చిన్న కాయ, మందపు తోలు, గింజలు. తోలు పండకపోతే వైన్‌లో పసరు వాసన మిగిలిపోతుంది. చక్కెర చాలని రసంలో కొందరు పులియబెట్టే ముందు చక్కెర కలిపారు. చట్టం అనుమతించే ఆ పద్ధతికి షాప్తాల్ పేరు పెట్టారు. ఆయన రసాయన శాస్త్రవేత్త, నెపోలియన్ వద్ద అంతరంగిక మంత్రి. శాఖాధిపతి పేరు ఒక వంట కిటుకుకు నిలిచిపోవడం అరుదు.

బూజు తెగులు మాట వచ్చినప్పుడు తెలుగు రైతుకు బోర్డో కొత్త పేరు కాదని చెప్పాలి. మైలుతుత్తం, సున్నం కలిపి నిమ్మ, బత్తాయి చెట్లకూ, తమలపాకు తోటలకూ వాడే బోర్డో మిశ్రమం పుట్టినది మెడోక్‌లోనే. దారిపక్క తీగల మీద, బాటసారులు పళ్ళు కోయకుండా, అక్కడివారు ఆ నీలిరంగు ద్రావణం చల్లేవారు. ఆ తీగలకు తెగులు సోకకపోవడం మియార్దే అనే ఆచార్యుడు గమనించి, పరీక్షించి, 1885లో ప్రకటించాడు. జిల్లాలో పనిచేసే రోజులలో ఆ పేరు రైతుల నోట వింటూ, అది ఒక నగరం పేరని అడిగి తెలుసుకున్నాను. దొంగల కోసం చల్లిన మందు మన తమలపాకును కాపాడింది.

2021 వైన్‌ను వర్తకులు “క్లాసిక్” అన్నారు. ప్రభుత్వ నివేదికలు రాసే మాకు ఇటువంటి మాటల రుచి తెలుసు. అది సరుకు బలహీనతను మర్యాదగా కప్పే మాట. అయినా అందులో నిజం లేకపోలేదు. కొన్నేళ్ళ క్రితం ఒక పర్యటనలో మెడోక్‌కు చెందిన ఒక చిన్న రైతు ఇంట ఆ ఏటి వైన్ నా ముందు పెట్టారు. రంగు పలచన. తొలి గుక్కలో పులుపు, వెంటనే నేరేడు తిన్నట్లు నాలుకను పట్టే వగరు, అడుగున బెంగుళూరు మిరప కోసినప్పటి పచ్చివాసన. అరగంట గడిచాక, వేయించిన గొర్రె మాంసంతో పాటు, దేవదారు చెక్క పరిమళమూ, నల్లని పండ్ల రుచీ మెల్లగా పైకి వచ్చాయి. నోట వేయగానే రసమిచ్చేది ద్రాక్షాపాకమనీ, పెంకు పగలగొడితే గాని రసమందనిది నారికేళపాకమనీ మన అలంకారికులు చెప్పారు. ఆ లెక్కన ఇది ద్రాక్ష నుంచి పుట్టిన నారికేళపాకం. నాకు నచ్చింది, నా పక్కన కూర్చున్న అధికారికి నచ్చలేదు, ఆయన అభిప్రాయాన్ని తోసిపుచ్చలేను.

తన తండ్రి కాలంలో మామూలు ఏడు వైన్ ఇలాగే ఉండేదని ఆ రైతు అన్నాడు. 1980ల వరకు బోర్డోలో మద్యసారం పన్నెండు, పన్నెండున్నర శాతం ఉండడం సాధారణం. వేడి పెరిగిన ఈ శతాబ్దంలో పద్నాలుగు వింత కాదు. ఎమాన్యుయేల్ లె రోయ్ లదురీ 1967 నాటి తన వాతావరణ చరిత్ర గ్రంథంలో ద్రాక్షకోత తేదీలను ఆధారంగా గ్రహించిన తీరు ఎం.ఏ. విద్యార్థిగా నన్ను ఆకట్టుకుంది. రాజుల పేర్లు లేని చరిత్ర అది. బోర్డోకు దూరంగా బుర్గుండిలో ఉన్న బోన్ పట్టణానికి 1354 నుంచి 2018 వరకు కోత తేదీల వరుసను పరిశోధకులు 2019లో ప్రచురించారు. 1988 నుంచి అక్కడ కోతలు అంతకు ముందటి శతాబ్దాల సగటు కంటే సుమారు పదమూడు రోజులు ముందుకు జరిగాయి.

కనుక 2021ని గురించి ఆలోచించినప్పుడు నాకు ఇబ్బందిగానే ఉంటుంది. నేను మెచ్చుకున్న రుచి పాత శీతోష్ణస్థితిది, కాని అది వచ్చిన దారి పాతది కాదు. ఏప్రిల్ చలి అక్కడ ఎప్పుడూ ఉన్నదే. చిగుళ్ళు అప్పటికింకా విప్పుకోకపోవడమే పూర్వం రక్షణ. చలికాలం ముందే వెచ్చబడి తీగను నిద్రలేపడం వల్లనే అదే చలి ఈనాడు పంటను కాల్చుతున్నది. ఆ రైతు మూడింట ఒక వంతు పంట కోల్పోయాడు. నేను గ్లాసులో చూసి సంతోషించినది ఆయన పద్దులో నష్టం.

భోజనం చివర ఆయన 2022 సీసా కూడా తెరిచాడు. గాఢమైన రంగు, మెత్తని రుచి, మద్యసారం పద్నాలుగున్నర శాతం, అందరూ మెచ్చుకున్నారు. 2021వి మిగిలిన సీసాలను 2031 వరకు అమ్మనని చెప్పి, అవి ఉన్న నేలమాళిగ తలుపు చూపించాడు గాని తెరవలేదు.