బెజవాడనుండి తెనాలికి: పచ్చ యేది? నలుపేది?

విజయవాడ యేలూరురోడ్డున పుస్తకముల యంగళ్ళు చూడబోయినవారు వట్టిచేతులతో తిరిగివచ్చుట యరుదు. లెనిన్ సెంటరు చెంత పాతపుస్తకముల దుకాణములలో పాఠ్యగ్రంథముల నడుమ అట్టలూడిన అపరాధపరిశోధక నవలలును దొరకుచుండును. ఒకప్పుడివి మన యిండ్లలో దిండ్ల క్రిందను, బియ్యపుడబ్బాల వెనుకను తలదాచుకొనెడివి. ఆడుపిల్లలు చదివిన చెడుదురని పెద్దలు వానిని లాగికొని, మధ్యాహ్నవేళ తామే చదువుకొనెడివారు!

వీనిలో డిటెక్టివ్ యుగంధరును సృష్టించిన కొమ్మూరి సాంబశివరావుగారు 1926లో తెనాలిలో జన్మించిరి. షెర్లాక్ హోమ్సునకు వాట్సను వలె యుగంధరునకు రాజు తోడు. వారి కథ యొకటి చేతబట్టుకొని తెనాలి రైలెక్కినచో, వంతెనమీద కృష్ణను దాటిన కొంతసేపటికి దుగ్గిరాల వచ్చును. పసుపు వర్తకమునకు పేరుబడ్డ యూరది. పసుపుమొక్కను చూడుడు: పైనున్న యాకు పచ్చ, భూమిలోని దుంపయు పచ్చయే! "పచ్చచీర కట్టిన యామె పారిపోయినది" అని సాక్షి చెప్పినయెడల, పసుపుపచ్చయా, ఆకుపచ్చయా యని యుగంధరు అడుగక తప్పదు. హోమ్సున కీ చిక్కు లేదు. ఇంగ్లీషున రెంటికిని వేరు మాటలున్నవి. కాని ఆ భాషలో ఎల్లో యనిన పిరికితనము. గ్రీన్ అనిన అసూయ, లేదా అనుభవము లేని పచ్చిదనము. "నీ కాపురము పచ్చగా నుండుగాక" అను మన దీవెనను మాటకు మాట ఇంగ్లీషుచేసిన, పెండ్లికూతురు కోపగించుకొనవలసినదే. ఇటలీవారికి పసుపు అనగా అపరాధపరిశోధక నవల యనియే యర్థము. 1929లో మొందదోరి యను ప్రచురణసంస్థవా రట్టి నవలలను పసుపు అట్టలతో ప్రకటింప మొదలిడుటయే దానికి కారణము.

ఎరుపు సంగతి వేరు. హోమ్సు మొదటి నవల (1887) పేరులోనే రక్తవర్ణమున్నది. దారితప్పించు ఆధారమును రెడ్ హెర్రింగ్ అందురు. అది పొగబెట్టగా నెర్రబడిన చేప. నేరము చేయుచు చిక్కినవాడు రెడ్ హ్యాండెడ్‌గా, అనగా నెత్తురంటిన చేతితో దొరకెనందురు. మన అవినీతినిరోధకశాఖవారు లంచపు నోట్లకు ఫినాల్ఫ్తలీను పొడి పూయుదురు. వాని నందుకొనిన చేతిని సోడియం కార్బొనేటు నీట ముంచగా నీరు గులాబివన్నె యగును. పలుకుబడి కొంత నిజమైనట్లే గదా!

ఇక నలుపు. బ్లాక్‌మెయిల్‌లోని మెయిల్ టపా కాదు. స్కాట్లండు సరిహద్దున దోపిడికాండ్రు గుంజుకొనిన కప్పము. స్త్రీల రహస్యపు లేఖలు చేజిక్కించుకొని ధనము పిండు మిల్వర్టన్ అను దుర్మార్గుని కథను కోనన్ డాయిల్ 1904లో వ్రాసెను. బ్లాక్‌లిస్టు, బ్లాక్‌మార్కెట్టు - నలుపున్న చోటనెల్ల పాపమే. ఆ మార్గముననే నల్లబజారు, నల్లధనము మన నోట నిలిచినవి.

అయితే యిప్పుడే దాటివచ్చిన నదిపేరునకు నలుపనియే యర్థము. ద్రౌపదికిని కృష్ణయని పేరు. ఈ పొలములకు నల్లమబ్బే భాగ్యము. ముత్తైదువ మెడలో నల్లపూసలు మంగళకరములు. ఇట్టి సీమలో పెండ్లిచూపులకు వచ్చినవారు "పిల్ల చక్కనిదే కాని నలుపు" అని పెదవివిరిచి పోవుచున్నారు. ఇది దొరలు నేర్పినదని తప్పించుకొనుటకు వీలులేదు. చాలవరకు మన యింటి మాటయే. ఇంగ్లీషువా రొక సాయము మాత్రము చేసిరి: ఫెయిర్ అను నొక్క మాటలో తెల్లదనమును, అందమును, న్యాయమును మూటగట్టి యిచ్చిరి. మన వివాహప్రకటనలలో నా మాట యెంత తరచుగా కనబడునో సోదరీమణు లెరుగుదురు. యుగంధరుకు సాక్షి "ఆమె చామనచాయ, పొడగరి" యని చెప్పిన, అత డది గుర్తుగా వ్రాసికొనును. ఆమె మంచిదో చెడ్డదో దానినిబట్టి తేల్చడు. పిల్లను చూడవచ్చిన పెద్దల కా పాటి యోపికయు నుండదు.

దుగ్గిరాల దాటినపిమ్మట కొలకలూరు, ఆపైని తెనాలి. ఈ యూరి నడుమ మూడు కాలువలు పారుచున్నవి, మూటిలోను కృష్ణనీరే.