రాయి పోయింది, మాట మిగిలింది

సికిందరాబాదు నుంచి కరీంనగరు రోడ్డున సుమారు పాతిక కిలోమీటర్లు పోతే శామీర్‌పేట వస్తుంది. ఆదివారంనాడు అక్కడికి పోయేవారు సాధారణంగా మూడే చూస్తారు: చెరువు, జింకల పార్కు, ఇంటినుంచి తెచ్చుకొన్న పులిహోర! రోడ్డు వారను చూచే తీరిక ఎవరికీ వుండదు. ఒకప్పుడు బండిమీద వచ్చేవాడికి ఆ వారనే ధైర్యం. ఇంకెంత దూరమున్నదో మైలురాయి చెప్పాలి. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది. క్రమంగా మైళ్ళు కిలోమీటర్లయినాయి. అయినా 'మైలురాయి' పత్రికల శీర్షికల్లో హాయిగా బతుకుతున్నది. రాయి పోయింది, మాట మిగిలింది!

ఇలా పోయినవాటిని కళ్ళారా చూడాలంటే పాత ఫొటోలే దిక్కు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో లాలా దీన్‌దయాళ్ అనే గొప్ప ఛాయాగ్రాహకుడు వుండేవాడు. ఆ కాలపు చార్మినార్ ఫొటో మీ చేతికి వస్తే మీనారుల నలా వుంచి, గడియారాలకోసం వెతకండి. నాలుగు దిక్కులా వాటిని అమర్చింది 1889లో. గడియారం వుండవలసిన చోట బోసిగా వుంటే ఆ ఫొటో అంతకు ముందుదన్నమాట. 1591లో కట్టిన కట్టడం తన ఫొటో ఎప్పటిదో చెప్పలేదు; దానికి తగిలించిన గడియారం చెబుతుంది.

బోర్డులూ అంతే. అణాల్లో ధర కనబడితే, 1957లో నయాపైసలు రాకముందుదని ఇంచుమించుగా అనుకోవచ్చు. ఇక ఆబిడ్స్ సంగతి చూడండి. ఆల్బర్ట్ ఆబిడ్ అనే నిజాం కొలువులోని ఉద్యోగి అక్కడ దుకాణం పెట్టాడు. దుకాణమూ పోయింది, బోర్డూ పోయింది. పేరు మాత్రం పేట కంతటికీ అంటుకొన్నది!

మా విద్యార్థులను ఒకసారి మీ వూరి పాత ఫొటో తెమ్మన్నాను. అందరూ పెళ్ళి ఫొటోలే తెచ్చారు. ఒక అమ్మాయి తెచ్చిన దానిలో మేళగాళ్ళ వెనక గోడమీద 'రిక్షా స్టాం' అన్నంతవరకు కనబడుతున్నది. మిగతాది సన్నాయివాడి తలపాగా కప్పేసింది. ఆ ముక్క చూపితే వాళ్ళ నాయనమ్మ వీధి వీధంతా వరసగా చెప్పిందట: ఇక్కడ కొళాయి, అక్కడ టపా డబ్బా, ఆ మూల సోడాబండి అని. పెళ్ళికొడుకును చూచినప్పుడు మాత్రం ఇన్ని జ్ఞాపకాలు రాలేదట!

శామీర్‌పేట ఇవాళ పల్లెకూ పట్నానికీ నడుమ వున్నది. బాహ్య వలయ రహదారి వచ్చింది, న్యాయ విశ్వవిద్యాలయం వచ్చింది. రోడ్డు వెడల్పయిన ప్రతిసారీ వారనున్న వస్తువులే ముందు లేస్తాయి. చేత్తో రాసిన కొట్టు బోర్డు, బస్సుకోసం కూర్చునే అరుగు, చేతిపంపు — వీటికి ఆస్థాన ఛాయాగ్రాహకుడెవడూ లేడు. కాని ఇప్పుడు ఇంటికి నాలుగు కెమేరాలు జేబుల్లోనే వున్నాయి గదా! ఈసారి చెరువుదగ్గర మనవడిని నిలబెట్టి ఫొటో తీసేటప్పుడు, రోడ్డు కవతలి కొట్టు బోర్డును కూడ కాస్త పడనివ్వండి. వూరి పేరూ, సంవత్సరమూ ఎక్కడైనా రాసి వుంచండి. ముప్పై యేళ్ళ తరువాత ఆ మనవడు ముందు చూచేది ఆ బోర్డునే.