కాచిగూడలో దిగిన సింహాల మామ

తెల్లారగట్ల కాచిగూడ స్టేషన్‌ని ఒకసారి చూడాలండీ. ఆ గుమ్మటాలు, మినార్లు మసక వెలుతురులో కోటలా కనిపిస్తాయి. 1916లో నిజాం ఉస్మాన్ అలీఖాన్ హయాంలో కట్టిన స్టేషన్ ఇది. మా చిత్తూరు జిల్లా వాళ్ళకి మాత్రం కాచిగూడ అంటే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్సే. సాయంత్రం అక్కడ ఎక్కితే పొద్దున్నే ఇక్కడ దించుతుంది.

మొన్న ఆ బండిలోనే మా మేనమామ దిగాడు. తిరుపతి ఎస్వీ జూలో సర్కస్ సింహాలకి ఏళ్ల తరబడి కీపర్‌గా చేసి రిటైరయ్యాడు. చుట్టాలందరికీ ఆయన 'సింహాల మామ'. ఇంటికి రాగానే గేటు వేసి, గొళ్ళెం పెట్టి, రెండుసార్లు లాగి చూశాడు.

"మామా, ఇక్కడ దొంగల భయం లేదులే" అన్నాను.

"దొంగల కోసం కాదురా అబ్బోడా. ఇరవై ఏండ్ల అలవాటు. తాళం ఏసినాక లాగి చూడకుండా ఎనక్కి తిరిగితే వొళ్ళు జలదరిస్తాది" అన్నాడు.

టిఫిన్ తిన్నాక ఆయనే అడిగాడు, ఇక్కడి జూ చూపించమని. రిటైరైనా మనసు అక్కడే ఉంది! ఆటో ఎక్కి, చాదర్‌ఘాట్ దగ్గర మూసీ దాటి, పాతబస్తీ మీదుగా బహదూర్‌పురా చేరాం. (సోమవారం సెలవు, గుర్తుంచుకోండి.) మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల నెహ్రూ జూ పార్కు. అంతకుముందు నగరంలో జంతుశాల నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉండేది. 1963లో జంతువులని ఇక్కడికి తెచ్చారు.

సింహాల దగ్గర జనం మూగి ఉన్నారు. చెట్టు నీడన ఒకటి పడుకుని ఉంది. ఎవరో కుర్రాడు "లేవరా" అని ఈలలేస్తున్నాడు. మామ కాసేపు చూసి, వచ్చి దూరంగా బెంచీ మీద కూర్చున్నాడు.

"మా కాడ ఈ ఈలలు ఉండవు. చూసేదానికి జనాన్ని రానీరు" అన్నాడు.

అదేంటి, జూ అంటే చూడ్డానికే కదా అని మీకూ అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. అసలు సంగతి ఇదీ. 1998 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం, ఈ ఐదింటితో ఆటలాడించకూడదని ఉత్తర్వు ఇచ్చింది. సర్కస్ వాళ్ళు కోర్టుకెక్కారు. 2001లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వునే సమర్థించింది. మరి డేరాల్లో ఉన్న మృగాలు ఏమైపోవాలి? అడవిలో వదిలితే వేటాడలేవు, మనిషిని చూసి తప్పుకోలేవు. అందుకే తిరుపతి, విశాఖపట్నంతో సహా కొన్ని చోట్ల వాటి కోసం పునరావాస కేంద్రాలు పెట్టారు.

"చక్రాల బోన్లో పుట్టినాయిరా అవి. పలక తప్ప మట్టి ఎరగవు. క్రాల్ తలుపు తీస్తే గడప కాడే కూలబడినాయి. ఒకటైతే మూడు దినాలు బయటికే రాలా. వొచ్చినాక గూడా ఎకరం జాగా ఉంటే, బోను ఎంత ఉండేదో అంతలోనే గుండ్రంగా తిరిగేది."

పని ఏముండేదని అడిగాను. పొద్దున్నే కాళ్ళు మందు నీళ్ళలో ముంచి లోపలికి పోవాలి. నిన్న పెట్టిన మాంసం ఎంత మిగిలింది, పేడ ఎలా ఉంది, ఏది కుంటుతోంది, అన్నీ చూసి డాక్టరుకి చెప్పాలి. దాన్ని లోగదిలోకి పంపి, మధ్య తలుపు వేసి, తాళం లాగి చూసి, అప్పుడే క్రాల్ కడగాలి. పళ్ళు అరిగిపోయిన ముసలివాటికి ఎముక తీసి మెత్తగా కొట్టి పెట్టాలి. వారంలో ఒకరోజు ఉపవాసం. సూది వెయ్యాలంటే స్క్వీజ్ కేజ్‌లోకి రప్పించాలి. పరిచయమైన గొంతుకే అవి వస్తాయట.

ఇంకో విషయం చెప్పాడు, నాకు అసలు తెలియనిది. సర్కస్ సింహాల్లో చాలావరకు మన గిర్ సింహానికీ, ఆఫ్రికా సింహానికీ పుట్టిన సంకరజాతి. అసలు జాతితో కలవకూడదు. అందుకని సంతానం లేకుండా ఆపరేషన్లు చేశారు. అంటే, ఉన్నవి ముసలివై పోతూ ఉంటే కేంద్రం ఖాళీ అవుతూ రావాల్సిందే. అది కట్టిందే ఒకనాటికి ఖాళీ కావడానికి.

"మరి నీకు బాధనిపించలేదా మామా?"

కాసేపు మాట్లాడలేదు. "ఒకడుండినాడు. సర్కసోళ్ళు ఏదో పేరు పెట్టినారు గానీ, నేను ముసలోడా అనే పిలిచేవాణ్ణి. ఆఖరి దినాల్లో కూడు ముట్టలా. రోజంతా గడ్డిలో ఎండకి పడుకునేవాడు. గుండ్రంగా తిరగడం మానేసినాడు, అది సాలు" అన్నాడు.

ఇదే నెహ్రూ జూలో సుజీ అనే చింపాంజీ ఉండేది. ఒక పెద్ద వ్యాపారవేత్త దగ్గర పెరిగి, 2011లో ఇక్కడికొచ్చింది, 2023లో పోయింది. సర్కసులు పోయినా, ముచ్చటపడి విదేశీ జంతువుల్ని ఇంట్లో పెట్టుకునే సరదా ఇప్పుడు మధ్యతరగతికీ పాకింది. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం, అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్న విదేశీ ప్రాణిని పెంచుకుంటే ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. ఆ మాట చెబితే మామ నవ్వాడు. "రాయించుకోమను. దాంతోపాటు అది ఎన్నేండ్లు బతుకుతాదో గూడా అడిగి తెలుసుకోమను. మోజు రెండేండ్లే ఉంటాది. ఆమీట మాలాంటోడు సాకాల."

రాత్రి మళ్ళీ కాచిగూడ స్టేషన్. వెంకటాద్రి కదిలేముందు కిటికీలోంచి చెయ్యూపుతూ, "ఇప్పుడు మా పక్కన బోన్లు శానా ఖాళీరా. పోయి చూస్తే బాగుంటాది" అన్నాడు.

ఇంటికొచ్చి గేటు వేశాను. తెలియకుండానే గొళ్ళెం రెండుసార్లు లాగి చూశాను.