హోలియోకు పట్టణమును, దాని జాక్ డాయిలును

అమెరికా దేశమున మసాచుసెట్సు రాష్ట్రమునందు కనెక్టికట్ అను నది ఉత్తరమునుండి దక్షిణమునకు ప్రవహించుచున్నది. ఒకచోట ఆ నది సుమారు 60 అడుగులు దిగజారి వంపు తిరుగును. ఆ వంపునందే హోలియోకు పట్టణము కలదు. నీరు పడుచోట చక్రము తిరుగును, చక్రము తిరుగుచోట ధనము పండునని తలచిన వర్తకులు 1848వ సంవత్సరమున అచ్చట కొయ్యతో ఆనకట్ట యొకటి కట్టించిరి. తలుపులు మూసి నీరు నిలిపిన నాడే, నవంబరు 16వ తేదీని, ఆ కట్ట కొట్టుకొనిపోయినది. మఱుసటి యేట మఱియొకటి కట్టిరి. 1900లో ముగిసిన రాతి యానకట్టయే మేము చూచినది.

ఆనకట్టనుండి బయలుదేరిన కాలువలు మూడు మెట్లుగా పట్టణము నడుమ పోవుచున్నవి. ఒక కాలువలోని నీరు మిల్లు చక్రమును త్రిప్పి క్రింది కాలువలో పడును. అచ్చట మఱియొక మిల్లును నడుపును. పొదుపరియైన ఇల్లాలు ఒక్క నీటినే బియ్యము కడిగి, కూరపాదులకు పోసినట్లున్నదీ యేర్పాటు. ఈ కాలువలను పలుగు పారలతో త్రవ్వినవారిలో పెక్కురు ఐర్లండు కూలీలు. ఆ దేశమున బంగాళాదుంపల పంట చెడి కఱవు వచ్చిన కాలమున ఓడలెక్కి వచ్చినవారే వారిలో ననేకులు.

1853లో ఇచ్చట మొదటి కాగితపు మిల్లు వెలసినది. తరువాత నవి ఇరువదికి మించెను. ఉత్తరములు వ్రాసికొను మేలిరకపు కాగితము చేయుటలో ఆ దినములలో హోలియోకును మించిన ఊరు అమెరికాలో లేదు. కాగితపు పట్టణమనియే దానికి మాఱుపేరు. మేలైన కాగితమునకు మూలము ప్రత్తి గుడ్డపేలికలని చదువరులలో కొందఱికి తెలిసియే యుండును. ఆ పేలికలను ఏఱుట స్త్రీల పని. బల్లకు నిలువుగా బిగించిన కత్తియెదుట నిలిచి, బొత్తాములు కోసి, కుట్లు విప్పి, రంగు గుడ్డలను వేఱుచేసి, దినమెల్ల దుమ్ము మ్రింగుచు వారు పనిచేసెడివారు. ఆ కాగితముపై వ్రాసిన శుభలేఖలు చదివినవారికి ఆ స్త్రీలు జ్ఞప్తికి వచ్చియుందురా యని మాకు సందేహము. ఈ యూర పట్టుమిల్లును గొప్పదే. దాని యజమాని విలియం స్కిన్నరు 1874లో వేఱొక యేటి కట్ట తెగి తన మిల్లు కొట్టుకొనిపోగా, మిగిలిన తన యింటిని విప్పి ఇచ్చటికి తరలించి మరల కట్టించెను. ఆ యిల్లిప్పుడు వస్తుప్రదర్శనశాలగా నున్నది.

ఇట్టి మిల్లుల యూరికి ఐర్లండునుండి పిల్లవాడుగా వచ్చినవాడు జాన్ డాయిలు. జనులతనిని జాక్ అనిరి. అతడు 1869లో కెర్రీ సీమలోని కిలోర్గ్లిన్ అను చిన్న యూర పుట్టెను. ఆ యూరి సంగతి యొకటి చెప్పక విడువ మనసొప్పదు. ప్రతి సంవత్సరము ఆగస్టు 10, 11, 12 తేదీలలో అచ్చట తిరునాళ్ళు జరుగును. కొండమేకపోతు నొకదానిని పట్టి తెచ్చి, బడిపిల్లయైన రాణిచేత కిరీటము పెట్టించి, ఎత్తైన మంచెపై నిలిపి, ఊరికి రాజుగా మన్నింతురు. తిరునాళ్ళు ముగిసినంతనే రాజుగారు మరల కొండకు పోవలసినదే.

మిల్లు పట్టణములలో పేదవాని కుమారునకు ఆ కాలమున రెండే దారులు: తండ్రివలె మిల్లులో చేరుట, లేదా బేస్‌బాల్ ఆడుట. ఈ యాటలో నాలుగు మూలల నాలుగు గద్దెలుండును. ఒకడు బంతి విసరగా వేఱొకడు కఱ్ఱతో కొట్టి గద్దెనుండి గద్దెకు పరుగెత్తును. ఆ గద్దెల యొద్ద కాపుండువారిని లోమైదానపు ఆటగాండ్రందురు. డాయిలు మొదట బంతి విసరువానికి ఎదురుగా కూర్చుండి పట్టుకొను క్యాచరుగా నుండి, తరువాత మొదటి గద్దెకు కాపరియయ్యెను. 1889 మొదలు 1905 వఱకు పదునేడు ఋతువులు ఆడి, పది జట్లు మాఱెను. ప్రత్యర్థుల కన్నుగప్పి 500 సార్లకు పైగా గద్దెలు దొంగిలించెను. ఆటలో ఇది దొంగతనము కాదు, నేర్పు. 1896లోను, 1897లోను బాల్టిమోరు జట్టు టెంపుల్ కప్పు గెలిచినప్పుడు అతడు ఆ జట్టులోని వాడే.

కాని పేరుతోపాటు దుష్కీర్తియు వచ్చెను. అతని ఆట మోటుగా నుండుటచే ప్రజలు ‘మురికి జాక్’ అనిరి. 1900లో సిన్సినాటియందు అంపైరు తన్ను ఔటని చెప్పగా లేచి యతనిని కొట్టి, పోలీసులచే పట్టుబడెను. సాటి ఆటగాడైన జాన్ మెక్‌గ్రాతో మొదలైన వైరము ఏండ్ల తరబడి నడిచెను. ఆట మానిన పిమ్మట అట్టివాడే 1908 ప్రాంతమున హోలియోకు పోలీసు కమిషనరయ్యెను. 1911లో కొంతకాలము తానే అంపైరుగా నిలిచెను! అత్తచే బాధపడిన కోడలు తానత్తయైన చందముగా నున్నదని మాలో నొకరనిరి.

1920లో షికాగో కబ్స్ జట్టువారు డాయిలును స్కౌటుగా నియమించిరి. స్కౌటనగా వేగువాడు. ఊరూర తిరిగి, చిన్న జట్ల ఆటలు చూచి, రేపు గొప్పవాడు కాగల కుఱ్ఱవానిని నేడే కనిపెట్టి తన జట్టునకు చెప్పవలెను. పిల్లను చూడవచ్చిన పెద్దలు నడిపించి చూచుట, పాడించి వినుట, జడ విప్పించి కొలుచుట మన సోదరీమణులెఱుగనిది కాదు. స్కౌటు చూపును ఇంచుమించు అట్టిదే. కుఱ్ఱవాని చేతులు, కాళ్ళు, భుజములు, నడక, అన్నియు వాడు చూచును. ఆ చూపులో తేలకున్నచో కుఱ్ఱవాడు మరల మిల్లునకు పోవలసినదే.

1921లో హోలియోకునకు తూర్పున నలువది మైళ్ళకు పైబడిన దూరముననున్న వూస్టరు పట్టణపు జట్టులో హార్ట్‌నెట్ అను ఇరువదేండ్ల కుఱ్ఱవాడు క్యాచరుగా నుండెను. అతడు మిల్‌విల్ అను పల్లె వాడు. పదునలుగురు బిడ్డలలో పెద్దవాడు. రబ్బరు కర్మాగారమున పనిచేసినవాడు. చిన్ననాడతని చేయి విఱుగగా, ఆ చేయి వంకరపోకుండుటకై తల్లి బరువైన బాల్చీని ఆ చేతనే మోయించెడిదని చెప్పుదురు. వైద్యుని సొమ్ము పెట్టలేని యింట తల్లి బుద్ధియే వైద్యము. ఆ చేయే తరువాత బంతిని బాణమువలె విసరినది.

న్యూయార్కు జట్టునకు అప్పుడు మెక్‌గ్రా నాయకుడు. అతని పక్షమున ఈ కుఱ్ఱవానిని చూచినవాడు జెస్సీ బర్కెట్టు. బర్కెట్టు సామాన్యుడు కాడు. బంతి కొట్టుటలో ఆ కాలపు మేటులలో నొకడు. అతడు చూచి, ‘చేతులు చిన్నవి, పెద్ద జట్టునకు క్యాచరుగా పనికిరాడు’ అను భావము తెలిపెను. మెక్‌గ్రా వదలుకొనెను. పిమ్మట డాయిలు చూచెను. అతడును బర్కెట్టును 1891, 1892 సంవత్సరములలో క్లీవ్‌లండు జట్టున కలిసి ఆడినవారే. ఇద్దఱి కన్నులు చూచినది ఒక్క కుఱ్ఱవానినే. డాయిలు స్వయముగా క్యాచరు పని చేసినవాడగుటచే చేతుల పొడవుకంటె వాని పనిని ఎక్కువగా చూచెనేమోయని మా యూహ. కబ్స్ వారు హార్ట్‌నెట్టును కొనిరి.

1922లో క్రొత్త జట్టుతో చేరిన దినములలో హార్ట్‌నెట్టు నోరు విప్పి యొక్కమాటయు పలుకడయ్యెను. పెద్దవారిమధ్య నోరు మూసికొని యుండుమని తల్లి చెప్పి పంపినదట. పత్రికలవారు వేళాకోళముగా అతనికి ‘గ్యాబీ’, అనగా వాగుడుకాయ, అని పేరు పెట్టిరి. ఆ పేరే నిలిచినది. చిన్న చేతులని తోసివేయబడినవాడు కబ్స్ జట్టునకు దాదాపు ఇరువదేండ్లు క్యాచరుగా నుండెను. 1938 సెప్టెంబరు 28వ తేదీని, పొద్దు క్రుంకి బంతి కానరాని వేళ, అతడు కొట్టిన దెబ్బను షికాగోవారు నేటికిని చెప్పుకొందురు.

డాయిలు కనిపెట్టినవారిలోనో, సిఫారసు చేసినవారిలోనో బిల్లీ హెర్మను, స్టాన్ హ్యాకు మున్నగువారిని గూడ లెక్కింతురు. 1929, 1932, 1935, 1938 సంవత్సరములలో కబ్స్ వారు తమ లీగున ప్రథములైరి. ఆ జయములను వేలకొలది జనులు చూచిరి. చిన్న ఊళ్ళ బల్లలపై నొంటరిగా కూర్చుండి వ్రాసికొన్నవానిని చూచిన వారెందఱు?

ఈ యూర మఱియొక యాట పుట్టినది. అది మనకు డాయిలు ఆటకంటె దగ్గఱిది. 1895లో ఇచ్చటి వై.ఎం.సి.ఏ. వ్యాయామోపాధ్యాయుడు విలియం మోర్గన్ వాలీబాలును కల్పించెను. ఆ సంఘమువారే దానిని దేశదేశములకు కొనిపోయిరి. 1920లో మద్రాసున హారీ బక్కు స్థాపించిన వ్యాయామ కళాశాలయు ఆ సంఘమువారిదే. తెలుగు పల్లెలలో బడి పెరటిలో రెండు గుంజలు పాతి వల కట్టు పిల్లలకు హోలియోకు పేరు తెలియదు. ఆ యాటకు ఇచ్చట కీర్తిమందిరమును కలదు.

నేడు కాగితపు మిల్లుల సందడి లేదు. ఎఱ్ఱయిటుకల గోడలు కాలువలో నీడలు చూచుకొనుచున్నవి. ఐర్లండువారి తరువాత ఫ్రెంచి కెనడావారు, పోలండువారు వచ్చిరి. ఇప్పుడు జనులలో సగమునకు దగ్గఱగా పోర్టోరికో దీవి సంతతివారు. వీథులలో స్పానిషు మాటలే యెక్కువగా చెవిని పడినవి. అయినను 1952 మొదలు మార్చి నెలలో ఐరిషువారి పెద్ద ఊరేగింపు జరుగుచున్నది.

డాయిలు తన 89వ యేట, 1958 డిసెంబరు 31వ తేదీని, ఈ యూరనే కన్నుమూసెను. అప్పటికిని అతడు కబ్స్ వారి స్కౌటే. సెయింట్ జెరోము శ్మశానవాటికలో అతని సమాధి యున్నది. కూపర్స్‌టౌనులోని బేస్‌బాల్ కీర్తిమందిరమున బర్కెట్టు పలక కలదు, మెక్‌గ్రా పలక కలదు. 1955లో హార్ట్‌నెట్టు పలకయు అచ్చట నిలిచెను. డాయిలు పలక లేదు. హార్ట్‌నెట్టు పలక నిలుచువఱకు ముసలివాడు బ్రదికియుండెను.