బీటిల్స్ రాకముందు

పాశ్చాత్య పాప్ సంగీత చరిత్ర ఏది తెరిచినా ఒక మాట కనిపిస్తుంది. 1959 ఫిబ్రవరిలో విమానం కూలి బడీ హాలీ పోయాడు, ఎల్విస్ అప్పటికే సైన్యంలో చేరాడు, మళ్లీ బీటిల్స్ వచ్చేదాకా చెప్పుకోదగ్గ పాటే లేదు అని. బ్రిటన్ విషయంలో ఈ మాట మరీ గట్టిగా అంటారు. 1960, 61, 62 సంవత్సరాల హిట్లన్నిటినీ పెళ్లికొడుకు వచ్చేదాకా కాలక్షేపానికి వాయించిన మేళం కింద జమకట్టేస్తారు. ఈ మధ్య రాత్రిపూట తీరిగ్గా కూర్చుని ఆ మూడేళ్ల పాటల్ని ఏ ఏడాదివి ఆ ఏడాదిగా వింటూ వచ్చాను. వింటున్నకొద్దీ ఆ తీర్పు అన్యాయమని గట్టిగా అనిపించింది. ఆ పాటల తరఫున నాలుగు మాటలు చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందు చార్టుల సంగతి. బ్రిటన్‌లో మొదటి సింగిల్స్ చార్టును న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ పత్రిక 1952 నవంబర్ 14న ప్రచురించింది. పత్రికవాళ్లు కొన్ని రికార్డు షాపులకు ఫోన్లు చేసి, ఏ పాట ఎక్కువ పోతోందో కనుక్కుని, 12 స్థానాల పట్టిక వేశారు. అరవైల నాటికి మెలొడీ మేకర్, డిస్క్, రికార్డ్ రిటైలర్... ఎవరి లెక్క వాళ్లది. బీబీసీ ఆ లెక్కలు కలిపి సగటు తీసి తన చార్టు తయారుచేసుకునేది. కాబట్టి ఒకే వారంలో ఒకే పాట ఒక పత్రికలో మొదటిది, మరో పత్రికలో రెండోది అవుతూ ఉండేది. 1963 మొదట్లో బీటిల్స్ ‘ప్లీజ్ ప్లీజ్ మీ’కి అదే జరిగింది. న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్‌లోనూ మెలొడీ మేకర్‌లోనూ అది అగ్రస్థానానికి వెళ్లింది, రికార్డ్ రిటైలర్‌లో మాత్రం రెండో చోట ఆగింది. తర్వాత వచ్చిన గణాంకాల పుస్తకాలు ఈ చివరి పత్రికనే ప్రమాణంగా పెట్టుకున్నాయి. దాంతో 2000లో వచ్చిన బీటిల్స్ నంబర్ వన్ పాటల సంకలనంలో ఆ పాటకు చోటు దక్కలేదు. ఇలాంటి అంకెల మీద ఆధారపడి ఏ పాట గొప్పదో తేల్చలేం. ఆ వారం జనం దేనికి డబ్బు పెట్టారో మాత్రమే చార్టు చెబుతుంది. పాట విలువ తేల్చాల్సింది మళ్లీ వినే చెవి.

ఆ రోజుల్లో పాట జనం చెవిన పడటమే కష్టం. రికార్డులు రోజుకు ఎంతసేపు వేయాలన్నదాని మీద బీబీసీకి పరిమితి ఉండేది. వాద్యకారుల ఉపాధి దెబ్బతినకూడదని సంఘాలతో కుదిరిన ఒప్పందం అది. కుర్రకారు రాత్రిళ్లు రేడియో లక్సెంబర్గ్ పట్టుకునేవాళ్లు. ఆ స్టేషను గాలివాటంగా తేలి వచ్చేది, మధ్యలో జారిపోయేది. అంత ఇరుకు సందులోంచి వినిపించాల్సిన పాటకు తీరిగ్గా ఆలాపన చేసే వీలెక్కడిది? మొదటి ఐదారు సెకన్లలోనే శ్రోత చెయ్యి పట్టుకోవాలి. నాకు తోచినంతలో ఈ మూడేళ్ల పాటల బలమంతా అక్కడే ఉంది. ఎత్తుగడలోనే పాట ఏమిటో తెలిసిపోతుంది. ఆడమ్ ఫెయిత్ ‘వాట్ డూ యూ వాంట్?’ 1959 చివర్లో వచ్చింది. రెండు నిమిషాలు కూడా నిండని పాట. జాన్ బ్యారీ అందులో వయొలిన్లను కమానుతో కాకుండా వేళ్లతో మీటించాడు. ఆ మీటుతోనే పాట గుర్తుండిపోతుంది.

1960 ఆగస్టు నెల ఒక్కటీ చూసినా చాలు. రికార్డ్ రిటైలర్ లెక్కలో ఆ నెల మూడు పాటలు అగ్రస్థానంలో కూర్చున్నాయి. ఒకటి జానీ కిడ్ అండ్ ది పైరేట్స్ ‘షేకిన్ ఆల్ ఓవర్’. అసలు పేరు ఫ్రెడరిక్ హీత్ అయిన కిడ్, ఒక కంటికి నల్లటి గంత కట్టుకుని వేదికెక్కేవాడు. రికార్డు రెండో వైపు నింపడానికని రికార్డింగుకు ముందు రోజు హడావిడిగా కట్టిన పాట అది. గిటారిస్టు జో మొరెట్టీ సిగరెట్ లైటరును తీగల మీద జార్చి ఒక వణుకు పుట్టించాడు. ఆ వణుకు పాటలోని మాటలకు ఒళ్లు తొడిగింది. పిల్ల దగ్గరికొస్తే కుర్రాడికి వెన్నులో ఏమవుతుందో గిటారే చెప్పేస్తుంది. ఇవాళ విన్నా ఆ రికార్డు మీద దుమ్ము కనిపించదు. అమెరికా వాళ్ల రాక్ అండ్ రోల్‌కు దీటైనది బ్రిటన్‌లో బీటిల్స్‌కు ముందు పుట్టలేదనేవాళ్లు ఈ ఒక్క పాటకైనా జవాబు చెప్పాలి.

రెండోది క్లిఫ్ రిచర్డ్ ‘ప్లీజ్ డోంట్ టీజ్’. దాన్ని దించి అగ్రస్థానం ఎక్కింది ఆయన వెనక వాయించే షాడోసే. వాళ్ల ‘అపాచీ’ ఐదు వారాలు అక్కడ ఉంది. జెర్రీ లార్డన్ కట్టిన వరస అది. మాటల్లేవు. డప్పు మోతతో మొదలై, హాంక్ మార్విన్ గిటారు ఎక్కడో దూరాన్నుంచి నడిచి వస్తుంది. ఆయన చేతిలోది ఎర్రటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్, క్లిఫ్ అమెరికా నుంచి తెప్పించి ఇచ్చినది. ప్రతి స్వరానికీ ప్రతిధ్వని తోడవడంతో స్వరానికీ స్వరానికీ మధ్య చాలా ఖాళీ ఉన్నట్టుంటుంది. మార్విన్ వేగం చూపించాలని తాపత్రయపడలేదు. స్వరం చివర చిన్న వంపు ఇచ్చి వదిలేస్తాడు. గమకానికి అలవాటుపడిన మన చెవికి ఆ వంపు వెంటనే దగ్గరవుతుంది. ఈ వరస తర్వాత చాలా దూరం వెళ్లింది. 1973లో ఇన్‌క్రెడిబుల్ బాంగో బ్యాండ్ వాయించిన ‘అపాచీ’ న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజేల చేతికి చిక్కింది. హిప్ హాప్‌కు అది పునాదిరాళ్లలో ఒకటయింది. ఎండిన బావి అనుకున్న చోటి నీళ్లు అక్కడిదాకా పారాయి.

క్లిఫ్ రిచర్డ్ దగ్గర మనం కాసేపు ఆగాలి. హ్యారీ వెబ్‌గా ఆయన 1940లో లక్నోలో పుట్టాడు. తండ్రి రైల్వే క్యాటరింగులో పనిచేసేవాడు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం ఆ కుటుంబం ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లిపోయింది. అక్కడ పదేళ్లకే ‘మూవ్ ఇట్’తో ఆయన పేరు మోగింది. ఆయన రికార్డులు మన దేశంలో డమ్‌డమ్ ఫ్యాక్టరీలోనే అచ్చయి అమ్ముడుపోయేవి. మన ఘంటసాల ప్రైవేటు పాటల రికార్డులు వేసిన గ్రామఫోన్ కంపెనీదే ఆ ఫ్యాక్టరీ. 1962 జనవరిలో వచ్చిన క్లిఫ్ ‘ది యంగ్ వన్స్’కు ముందస్తు ఆర్డర్లే 5 లక్షలు దాటాయి. విడుదలవుతూనే నేరుగా మొదటి స్థానంలోకి వచ్చింది. వయసు ఎల్లకాలం ఉండదు, ప్రేమించడానికి వెనకాడవద్దు అని చెప్పే పాట. ‘మూవ్ ఇట్’లోని కరుకుదనం ఇందులో లేదని విమర్శకులు పెదవి విరుస్తారు. నిజమే, ఆ కరుకుదనం లేదు. కానీ క్లిఫ్ గొంతులో ఇక్కడ ఒక నిబ్బరం ఉంది. ఎక్కడా అరవడు, ఎక్కడా ఏడవడు. సంతోషాన్ని అంత తేటగా పాడటం దుఃఖాన్ని పాడటం కంటే కష్టమని నా నమ్మకం.

ఆ జనవరి 1నే లండన్‌లో డెక్కా కంపెనీ ముందు లివర్‌పూల్ కుర్రాళ్లు బీటిల్స్ నలుగురు పరీక్షకు నిలబడ్డారు. డ్రమ్స్ మీద ఉన్న పీట్ బెస్ట్ పుట్టింది 1941లో, మన మద్రాసులో. డెక్కా ఆ నలుగురినీ వద్దంది.

ఆడపిల్లల గొంతు సంగతికొస్తే హెలెన్ షపీరోను తలచుకోకుండా ఉండలేను. 1961లో ఆమె మొదటి రికార్డు వచ్చేనాటికి వయసు 14. లండన్ ఈస్ట్ ఎండ్ బడి పిల్ల. గొంతు మాత్రం నలభై ఏళ్ల జాజ్ గాయనిదని ఎవరైనా పొరబడేంత లోతైనది. ఆ ఏడాదే ఆమె పాటలు రెండు అగ్రస్థానానికి వెళ్లాయి. ‘వాకిన్ బ్యాక్ టు హ్యాపీనెస్’ను అందరూ గుర్తుపెట్టుకున్నారు. నా ఓటు మాత్రం ‘యూ డోంట్ నో’కి. చెప్పుకోలేని ప్రేమ గురించిన పాట అది. ఆమె దాన్ని బతిమాలుతూ పాడదు, తలెత్తి నిలబడి పాడుతుంది. పద్నాలుగేళ్ల పిల్లకు అంత హుందాతనం ఎక్కడ అబ్బిందో అని ప్రతిసారీ ఆశ్చర్యపోతాను.

జో మీక్ విషయం వేరే. లండన్‌లో 304, హాలోవే రోడ్. కింద తోలు సామాన్ల దుకాణం, పైన అద్దె ఇల్లు. ఆ ఇల్లే ఆయన స్టూడియో. గాయకులను ఒక గదిలో, వాద్యాలను మరో గదిలో పెట్టేవాడు. బాత్‌రూమ్ గోడల ప్రతిధ్వని కూడా ఆయనకు పనికొచ్చేది. పెద్ద కంపెనీల స్టూడియోల్లో తెల్లకోటు ఇంజినీర్లు మీటరు ముల్లు గీత దాటనివ్వని కాలంలో, మీక్ ముల్లును కావాలనే గీత దాటించాడు. 1961లో ఆయన చేసిన ‘జానీ రిమెంబర్ మీ’ జాన్ లేటన్ గొంతులో దెయ్యం కథలా సాగుతుంది. చనిపోయిన ప్రియురాలి గొంతు వెనకనుంచి గాలిలో తేలివస్తుంది. మరుసటి ఏడాది జూలై 10న అమెరికా టెల్‌స్టార్ ఉపగ్రహాన్ని ఎగరేసింది. అట్లాంటిక్ మీదుగా టీవీ బొమ్మలు ప్రత్యక్షంగా రావడం జనం చూశారు. ఆ ఉత్సాహంలో మీక్ ‘టెల్‌స్టార్’ కట్టి టొర్నడోస్ చేత వాయించాడు. క్లావియోలిన్ అనే చిన్న ఎలక్ట్రానిక్ వాద్యం ఆ వరసను పాడుతుంది. బ్రిటన్‌లోనే కాదు, 1962 డిసెంబరులో అమెరికాలోనూ అది మొదటి స్థానానికి వెళ్లింది. బ్రిటిష్ బృందం ఏదీ అంతకుముందు అక్కడిదాకా వెళ్లలేదు. బీటిల్స్ అమెరికాను గెలవడానికి ఏడాది పైగా ముందు మాట ఇది.

ఆ పాట మీక్‌కు పేరు తెచ్చింది కానీ ఆయన బతికుండగా రాయల్టీ తెచ్చిపెట్టలేదు. వరస తనదని ఒక ఫ్రెంచి సంగీతకర్త దావా వేయడంతో డబ్బు ఆగిపోయింది. అప్పులు, మానసిక వ్యాధి మీక్‌ను కుంగదీశాయి. 1967 ఫిబ్రవరి 3న ఇంటి యజమానురాలిని కాల్చి, తనను తాను కాల్చుకున్నాడు. దావా ఆయన పక్షాన తేలింది ఆ తర్వాతే. ఆ మరణాల బరువు నాకు మరుపున పడదు. అయినా ఆ వరసలోని ఆశ ఏమాత్రం వాడలేదు. మనిషి ఆకాశంలోకి చూసి సంతోషపడిన ఒక వేసవి ఆ మూడు నిమిషాల్లో ఉంది.

ఇదే చార్టులో ఆకర్ బిల్క్ క్లారినెట్ కూడా ఉంది. సోమర్‌సెట్ మనిషి, గుండు టోపీ, గీతల వెయిస్ట్‌కోటు, సూయజ్ ప్రాంతంలో సైనికుడిగా ఉన్నప్పుడు వాయించడం నేర్చుకున్నాడు. తన కూతురి పేరున ‘జెన్నీ’ అని కట్టిన వరసను బీబీసీ పిల్లల సీరియల్‌కు ఇచ్చినప్పుడు అది ‘స్ట్రేంజర్ ఆన్ ది షోర్’ అయింది. బ్రిటన్ చార్టులో 55 వారాలుంది. 1962 మేలో అమెరికాలో మొదటిది అయింది. 1969లో అపోలో 10 వ్యోమగాములు తీసుకెళ్లిన టేపులో చంద్రుడి దాకా వెళ్లింది. దాని పక్కనే ఫ్రాంక్ ఐఫీల్డ్, ఆస్ట్రేలియాలో పెరిగి వచ్చి, గొంతును ఉన్నట్టుండి పై స్థాయికి విరిచి పాడిన ‘ఐ రిమెంబర్ యూ’. ఒక్క బ్రిటన్‌లోనే 10 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. తాతకు క్లారినెట్, అమ్మకు ఐఫీల్డ్, అబ్బాయికి గిటారు, చెల్లికి హెలెన్. అందరూ ఒకే కౌంటరు దగ్గర నిలబడి కొన్న పాటల జాబితా అది. అంత కలివిడి తర్వాతి దశాబ్దాల చార్టుల్లో నాకు కనిపించదు.

అన్నీ గొప్పవని అనను. అమెరికా హిట్‌ను హడావిడిగా తిరగపాడి అమ్ముకోవడం అప్పటి కంపెనీల అలవాటు. అలాంటి రికార్డుల్లో చాలావాటికి రక్తం లేదు. ఆంథొనీ న్యూలీ ‘వై’ అగ్రస్థానానికి వెళ్లింది, ఇవాళ వింటే మిగిలేదేమీ లేదు. అయితే బిల్లీ ఫ్యూరీ ‘హాఫ్‌వే టు ప్యారడైజ్’ కూడా అమెరికా పాటే. చిన్నప్పటి జ్వరంతో గుండె దెబ్బతిన్న ఆ లివర్‌పూల్ యువకుడు అందులో పెట్టిన ఆర్తి అసలు పాటలో లేదు. 1960లో పీటర్ సెల్లర్స్, సోఫియా లారెన్ పాడిన ‘గుడ్‌నెస్ గ్రేషస్ మీ’ గురించీ చెప్పాలి. సెల్లర్స్ భారతీయ డాక్టరు యాసను అనుకరిస్తూ పాడాడు. నవ్వించే నేర్పు ఉన్నా మన యాసే నవ్వులాట కావడం నాకు గుచ్చుకుంటుంది. బ్రిటన్‌లో పెరిగిన మన ఉపఖండపు పిల్లలు 1990లలో అదే పేరుతో తమ హాస్య కార్యక్రమం పెట్టి ఆ లెక్క సరిచేశారు.

సెల్లర్స్, లారెన్‌ల ఆ రికార్డు తయారుచేసిన జార్జ్ మార్టినే తర్వాత బీటిల్స్ రికార్డులు తయారుచేశాడు. ఇంకా చెప్పాలంటే బీటిల్స్ ఈ పాటల్ని శ్రద్ధగా విన్నారు. 1961లో హాంబర్గ్‌లో లెనన్, హారిసన్ కలిసి కట్టిన ‘క్రై ఫర్ ఎ షాడో’ షాడోస్ బాణీకి అనుకరణ. 1962 చివర్లో అదే ఊళ్లోని స్టార్ క్లబ్‌లో ‘ఐ రిమెంబర్ యూ’ వాళ్లు పాడిన రికార్డింగు ఉంది. 1963 ఫిబ్రవరిలో హెలెన్ షపీరో పర్యటనలో ఆమె పేరు పైన ఉంటే వీళ్లది కింద. వెక్కిరిస్తూనో మెచ్చుకుంటూనో, ఆ పాటలన్నీ వాళ్ల చేతుల్లోకి వచ్చాయి.

కానీ బీటిల్స్‌కు పనికొచ్చాయి కాబట్టి ఇవి వినదగ్గవని చెబితే మళ్లీ పాత అన్యాయమే చేసినట్టు. ‘షేకిన్ ఆల్ ఓవర్’ కట్టినవాడు రాబోయేవాళ్ల కోసం కట్టలేదు. హాంక్ మార్విన్, హెలెన్, జో మీక్ తమ ముందున్న రెండున్నర నిమిషాలకే ఉన్నదంతా పెట్టారు. తర్వాత ఎవరొస్తారో వాళ్లకు తెలియదు. మనకు తెలుసు కాబట్టే వాళ్లను తక్కువ చేశాం. 1963 సంగతి కాసేపు పక్కన పెట్టి, 1960 ఆగస్టుతో మొదలుపెట్టి వినండి. ఆ పాటలకు ఇంకొకరి సిఫారసు అవసరం లేదు.