అద్దెకిచ్చిన ఇల్లు

మియాపూర్‌లో 80 లక్షలు పెట్టి కొన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటుకు నెలకు 22 వేలు అద్దె వస్తోందనుకుందాం. ఏడాదికి 2 లక్షల 64 వేలు. అంటే పెట్టిన డబ్బు మీద 3.3 శాతం. అందులో 60 లక్షలు బ్యాంకు లోనయితే, 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల వాయిదా నెలకు 52 వేలు దాటుతుంది. వచ్చే అద్దె అందులో సగానికి కూడా చాలదు. ఈ లెక్క తెలిసీ మనవాళ్లు అద్దెకివ్వడానికి ఇళ్లు కొంటూనే ఉన్నారు. ధర పెరుగుతుందన్న ధీమాతో కొంటారు. ఆ ధీమా మంచిదో కాదో పక్కన పెడదాం. అలా కొన్నాక అద్దె చిల్లర డబ్బులా కనిపిస్తుంది, ఆ ఇంట్లో కాపురముండేవాళ్లు చిల్లర తెచ్చిచ్చేవాళ్లలా కనిపిస్తారు. నా బాధంతా అక్కడే.

వనస్థలిపురంలో మా ఇంటి పైన రెండు పోర్షన్లున్నాయి. మావారు పోయాక నా జీవనం చాలావరకు ఆ అద్దెల మీదే. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఓనరుకు మేలు చేసేది నిలకడగా ఉండే కుటుంబమే. పై లెక్కనే మళ్లీ చూడండి. అద్దె 2 వేలు పెంచామని ఉన్నవాళ్లు ఖాళీ చేశారు. కొత్తవాళ్లు 24 వేలకు ఒప్పుకున్నారు కానీ, వాళ్లు దొరికేసరికి ఒక నెల తాళం పడింది. 24 వేల చొప్పున పదకొండు నెలలకు 2 లక్షల 64 వేలు. పాతవాళ్లు 22 వేల చొప్పున పన్నెండు నెలలూ ఉంటే వచ్చేదీ సరిగ్గా అంతే. ఇక కొత్తగా వేయించిన రంగులు, బ్రోకరు కమీషను, మార్చిన కుళాయిలు అన్నీ చేతి చమురే.

పైగా తాళం వేసిన ఇల్లు చూస్తుండగానే పాడవుతుంది. బాత్‌రూమ్ తూము కింద ఒంపులో కాసిని నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటాయి. డ్రైనేజీ వాసననూ బొద్దింకలనూ ఇంట్లోకి రాకుండా ఆపేవి ఆ నీళ్లే. వాడకం లేకపోతే అవి ఆవిరైపోతాయి. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు తలుపు తీయగానే ముక్కు మూసుకుని వెనక్కి తిరుగుతారు. అందుకే పోర్షను ఖాళీ అయితే వారానికోసారి పైకెళ్లి, ప్రతి తూములోనూ బకెట్టెడు నీళ్లు పోసి, కిటికీలు కాసేపు తెరిచి వస్తాను. 2020లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సొంతూళ్లకు వెళ్లిపోయినప్పుడు మాదాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల ఎటు చూసినా టులెట్ బోర్డులే. అప్పుడు అద్దె తగ్గించి ఉన్నవాళ్లను నిలుపుకున్న ఓనర్లు నాకు తెలుసు. ఆ పని చేసినందుకు వాళ్లలో ఒక్కరూ బాధపడలేదు.

కుటుంబాలు నిలవాలంటే పిలిచిన రోజే పలకాలి. "ఆంటీ, హాల్లో గోడకు చెమ్మ వస్తోంది" అని పై పోర్షను అమ్మాయి చెప్పినప్పుడు, రంగు వేయించి సరిపెట్టమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. చెమ్మ కనిపించేది హాల్లోనే అయినా పుట్టేది గోడకు అవతలున్న బాత్‌రూమ్‌లో. నేల టైల్స్ మధ్య వేసిన వైట్ సిమెంటు ఏళ్లు గడిచేకొద్దీ రాలిపోతుంది, ఆ సందుల్లోంచి నీళ్లు దిగుతాయి. మేస్త్రీ ఆ సందులన్నీ గీకి, ఆరనిచ్చి, మళ్లీ నింపాడు. రెండు రోజుల పని. ఆ రెండు రోజులూ వాళ్లు మా కింది బాత్‌రూమే వాడుకున్నారు. అప్పుడే పట్టించుకోకపోతే నీళ్లు శ్లాబులోకి దిగి, లోపలి ఇనుము తుప్పుపట్టి, పెచ్చులూడేవి.

ఇంటి మరమ్మతుకని చట్టమే డబ్బు వదిలిపెట్టిందని చాలామంది ఓనర్లకు తట్టదు. అద్దె ఆదాయంలోంచి మున్సిపాలిటీకి కట్టిన పన్ను తీసేశాక, మిగిలినదాంట్లో 30 శాతాన్ని ఆదాయపు పన్ను లెక్కలోంచి మినహాయిస్తారు. రసీదులు అడగరు, ఖర్చుపెట్టారా లేదా అనీ చూడరు. ఆ మినహాయింపులో కొంతయినా ఇంటికి పెట్టడం న్యాయమని నా నమ్మకం. ఫ్లాటు నానక్‌రాంగూడలో ఉండి ఓనరు డాలస్‌లో ఉంటే లెక్క వేరు. ప్రవాస ఓనరుకు అద్దె కట్టేవాళ్లే 30 శాతం పన్ను, దానిపై సెస్సు పట్టుకుని ప్రభుత్వానికి జమ చేయాలి. ఈ సంగతి ఇంట్లో దిగేవాళ్లకు ముందే చెప్పాల్సిన బాధ్యత ఓనరుదే.

అడ్వాన్సు మాటకొస్తే, 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన మాదిరి అద్దె చట్టం నివాసపు ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి తీసుకోవద్దంది. మన దగ్గర చాలాచోట్ల అదే అలవాటు. బెంగళూరులో పది నెలలది కట్టి నలిగిపోయినవాళ్లను అడిగితే దీని విలువ తెలుస్తుంది. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి తాళంచెవి చేతికిచ్చిన రోజే ఆ డబ్బు వాళ్లకు అందాలి. కొత్త ఇంటి అడ్వాన్సు కట్టుకోవాల్సింది దాంతోనే.

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లను మంచినీళ్లు కూడా అడక్కముందే "మీరేమిట్లు?" అని అడిగే ఊరు మనది. కులం చెప్పగానే "మొన్ననే ఇంకొకరికి మాటిచ్చేశామండీ" అంటారు, బోర్డు మాత్రం గేటుకు అలాగే వేలాడుతుంటుంది. ముస్లిం కుటుంబమని, ఒంటరి ఆడమనిషని, పెళ్లికాని కుర్రాళ్లని, నీసు వండుతారని వెనక్కి పంపేస్తారు. ఉద్యోగం ఏమిటి, ఎందరుంటారు, ఇంతకుముందు ఎక్కడున్నారు అని అడగడం నా హక్కు. పుట్టుక అడగడం కాదు. ఇది పక్కవాళ్లకు నచ్చకపోయినా నేను మార్చుకోను.

అన్నింటికన్నా నన్ను కుదిపేసేది చావు దగ్గర జరిగేది. మా పక్క వీధిలో అద్దెకుండే పెద్దాయన ఆసుపత్రిలో పోతే, శవాన్ని గేటు లోపలికి తేవద్దని ఓనరు పట్టుబట్టారు. వానలో, రోడ్డు వారన టార్పాలిన్ కట్టి పడుకోబెట్టారు. ఆయన భార్య అంబులెన్సు మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఇలాంటివి మన రెండు రాష్ట్రాల్లోనూ పేపర్లో వస్తూనే ఉంటాయి. ఓనర్ల భయం నాకు తెలియనిది కాదు. పోయిన నక్షత్రం మంచిది కాకపోతే మూడు నెలలో ఆరు నెలలో ఇల్లు మూసేయాలంటారు. అన్నాళ్లు అద్దె పోతుందని, తర్వాత ఎవరూ దిగరని బెదురు. కానీ అద్దె పుచ్చుకున్నన్నాళ్లూ అది అద్దెకున్నవాళ్ల ఇల్లే. సొంతింట్లో చావుకు మనం గుమ్మం మూయం కదా.

అందరిలాగే మేమూ పదకొండు నెలలకే అగ్రిమెంటు రాసుకుంటాం. అందులో ఒక వాక్యం అదనంగా రాయిస్తాను: కుటుంబంలో ఎవరైనా కాలం చేస్తే పార్థివ దేహాన్ని ఈ ఇంటికే తెచ్చుకోవచ్చు, పెద్దకర్మ వరకు చేయాల్సినవన్నీ ఇక్కడే చేసుకోవచ్చు, ఓనరుకు అభ్యంతరం లేదు. మొదటిసారి డాక్యుమెంట్ రైటరు పెన్ను ఆపి, ఇలాంటివి అపశకునమమ్మా, ఎవరూ రాయించరు అన్నాడు. నేను రాయమన్నాను. కిందటేడాది పై పోర్షనులో దిగిన అబ్బాయి ఆ కాగితం చదివి, ఊళ్లో మంచాన పడ్డ వాళ్లమ్మను తెచ్చుకోవచ్చా అని అడిగాడు. అంతకుముందు ఉన్న ఇంట్లో ఓనరు వద్దన్నారట. ఆవిడ ఇప్పుడు పైనే ఉంటున్నారు. మెట్లకు రెండోవైపు కూడా రెయిలింగ్ వేయించాం.