ఆరు సాయంత్రాలు... ఒక ఎలుగుబంటి

మా చిన్నాన్న ఎడమ చెంప మీద, కంటి కింద నుంచి దవడ దాకా మూడు గీతలుంటాయి. ఉద్దానంలో వేకువనే జీడితోటకు వెళ్లినప్పుడు ఎలుగుబంటి గీసిన గీతలవి. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన మాకు ఎలుగంటే కథల్లోని జాంబవంతుడు కాదు. పనసపండు వాసనకు తోటలోకొచ్చి, ఎదురుపడిన మనిషి ముఖం చీరేసే జంతువు.

అందుకే అమెరికాలో మా ఆఫీసు మిత్రుడు 'వారం సెలవు పెట్టి ఎలుగుబంటి వేటకు వెళ్తున్నా. తుపాకీతో కాదు, విల్లంబులతో. చూడ్డానికి వస్తావా?' అని అడిగితే ముందు నవ్వేశాను. ఆ రాత్రి మాత్రం సరిగా నిద్రపట్టలేదు. పొద్దున్నే ఫోన్ చేసి 'వస్తా' అన్నాను.

విల్లు పట్టడం నాకు రాదు. లైసెన్సూ లేదు. నా పని పక్కన కదలకుండా కూర్చోవడమే!

అడవికి గేటు

బోస్టన్ నుంచి ఉత్తరానికి కారులో బయల్దేరాం. మా గమ్యం అమెరికా ఈశాన్య మూలనున్న మెయిన్ రాష్ట్రం. దాని నేలలో దాదాపు 90 శాతం అడవే. బ్యాంగర్ ఊరు దాటాక ఇళ్లు పలచబడ్డాయి. కాసేపటికి ఫోనులో సిగ్నల్ పోయింది. దూరంగా కటాడిన్ పర్వతం కనిపించింది. ఇక్కడి పెనోబ్‌స్కాట్ ఆదివాసుల భాషలో ఆ పేరుకు 'అన్నిటికన్నా గొప్ప కొండ' అని అర్థమట. జార్జియాలో మొదలై 14 రాష్ట్రాల గుండా సాగే అప్పలేచియన్ కాలిబాట ముగిసేది ఈ కొండ మీదే.

తారురోడ్డు అయిపోయినచోట ఓ గేటు. ఆ అడవిలో ఎక్కువభాగం ప్రభుత్వానిది కాదు, కలప కంపెనీలది. గేటు దగ్గర పెద్దావిడ మా పేర్లు, ఎన్నాళ్లుంటామో రాసుకుని రుసుము తీసుకుంది. 'దుంగల లారీ కనిపిస్తే మీరే పక్కకు తప్పుకోండి. అది ఆగదు' అని హెచ్చరించి పంపింది. ఆ మాట నిజమని పది నిమిషాల్లోనే తెలిసొచ్చింది!

చెరువుగట్టున నాలుగు కర్ర ఇళ్లు... అదే మా బస. కరెంటు లేదు. రాత్రయితే నీళ్ల మీద లూన్ పక్షుల కూతలు. మొదటిరాత్రి ఎవరో ఏడుస్తున్నారనుకుని లేచి కూర్చున్నాను.

మా గైడుకు అరవై ఏళ్లుంటాయి. వయసులో ఉన్నప్పుడు చెట్లు నరికే పనిచేశాడట. ఈ రాష్ట్రంలో డబ్బు తీసుకుని ఎవరినైనా అడవిలోకి తీసుకెళ్లాలంటే పరీక్ష రాసి లైసెన్సు పొందాలి. ఈ పద్ధతి 1897లోనే మొదలైంది. ఒకటో నంబరు లైసెన్సు అందుకున్నది మగవాడు కాదు. కార్నీలియా క్రాస్బీ అనే మహిళ! ఆమెను అందరూ ముద్దుగా 'ఫ్లై రాడ్' అని పిలిచేవారు.

డోనట్ల డ్రమ్ము

వేటంటే జంతువు వెంట అడవులుపట్టి తిరగడమనుకున్నాను. ఇక్కడ అలా కాదు. చెట్టుకు కట్టేసిన ఇనుప డ్రమ్ములో పాచిపోయిన డోనట్లు, రొట్టెలు నింపుతారు. పైన వాడేసిన నూనె, మొలాసిస్ పోస్తారు. ఎలుగు వాసన పట్టి వస్తుంది. దాని పాదాలకు అంటిన నూనె దారిపొడవునా అంటుకుని మరో ఎలుగునూ పిలుచుకొస్తుంది. డ్రమ్ముకు పదహారు గజాల దూరంలో చెట్టు మీద మంచె. మన జొన్నచేలో పిట్టల్ని తోలడానికి వేసుకుంటామే, అలాంటిదే. కాకపోతే ఇది ఇనుముది.

ఎరవేసి చేసే ఈ వేట ఆగస్టు ఆఖరి సోమవారం మొదలై నాలుగు వారాలు సాగుతుంది. చలికాలపు నిద్రకు ముందు ఎలుగులు ఆబగా తినే కాలమది. రోజుకు 20 వేల క్యాలరీల దాకా లాగించేస్తాయి. పిల్లలు పుట్టడమూ ఆ తిండి మీదే ఆధారపడి ఉంటుంది. వేసవి మొదట్లో జత కట్టినా పిండం వెంటనే ఎదగదు. శరీరంలో తగినంత కొవ్వు చేరితేనే నవంబరు ప్రాంతంలో గర్భం నిలుస్తుంది. జనవరిలో, గుహలో, నిద్రలోనే ప్రసవం!

'తిండి పెట్టి చంపడం వేటెలా అవుతుంది?' అని గైడును అడిగేశాను. ఆయన నొచ్చుకోలేదు. ఈ ప్రశ్న మీద రాష్ట్రమంతా 2004లో ఒకసారి, 2014లో మరోసారి ఓట్లు వేసిందట. రెండుసార్లూ నిషేధం వద్దన్నవాళ్లే నెగ్గారు, అదీ కొద్ది తేడాతోనే. 'ఈ చిక్కటి అడవిలో ఇరవై గజాల అవతల ఏముందో కనబడదు. ఇక్కడైతే తీరిగ్గా చూస్తాం. వెంట పిల్లలున్నాయా, అది చిన్నదా పెద్దదా తెలుస్తుంది. వద్దనుకుంటే వదిలేస్తాం' అన్నాడు. 'ఆకలిని ఆసరా చేసుకోవడం అన్యాయం' అనేది అవతలివాళ్ల వాదన. నాకు రెండూ నిజమే అనిపించాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర టెడ్డీబేర్ కథ వచ్చింది. 1902లో మిసిసిపీ అడవుల్లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌కు గైడుగా వెళ్లింది హోల్ట్ కాలియర్. బానిసగా పుట్టి, పేరుమోసిన వేటగాడైన నల్లజాతీయుడు. ఆయన ఓ ఎలుగును పట్టి చెట్టుకు కట్టేస్తే, కట్టేసినదాన్ని కాల్చనన్నాడు రూజ్‌వెల్ట్. ఆ వార్త మీద వచ్చిన కార్టూన్ నుంచే బొమ్మ పుట్టింది. అక్కడిదాకా అందరికీ తెలుసు. అయితే గాయాలతో ఉన్న ఆ ఎలుగును బాధ తీరిపోయేలా చంపేయమని చెప్పిందీ ఆయనే. ఆ సంగతి బొమ్మతో పాటు అమ్మరు కదా!

చివరి మనిషి నేర్పిన విద్య

మిత్రుడి విల్లు మన రాముడి బొమ్మలోలాంటిది కాదు. రెండు కొసల్లో చక్రాలున్న కాంపౌండ్ విల్లు. మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ దీన్ని రూపొందించి 1969లో పేటెంటు పొందాడు. లాగడం మొదలెట్టినప్పుడు 60 పౌండ్ల బరువు. పూర్తిగా లాగాక చక్రాల పుణ్యమా అని చేతి మీద పడేది పన్నెండు, పదిహేను పౌండ్లే. అందుకే కాసేపు ఎక్కుపెట్టి ఆగొచ్చు.

అమెరికాలో విల్లువేట మళ్లీ ప్రాణం పోసుకోవడం వెనక ఓ విషాదం ఉంది. 1911లో కాలిఫోర్నియాలోని ఓరవిల్ దగ్గర ఓ ఆదివాసీ ఒంటరిగా బయటికొచ్చాడు. తెల్లవాళ్ల దాడుల్లో తుడిచిపెట్టుకుపోయిన యాహీ తెగలో మిగిలిన చివరి మనిషి. ఆయన్ని ఇషీ అని పిలిచారు. వైద్యం చేయడానికి వచ్చిన డాక్టర్ శాక్స్‌టన్ పోప్ ఆయన దగ్గరే విల్లు చేయడం, బాణం వేయడం నేర్చుకున్నాడు. 1916లో ఇషీ క్షయతో చనిపోయాడు. 1961లో పుట్టిన విల్లువేటగాళ్ల సంఘానికి పెట్టిన పేర్లు మాత్రం పోప్, ఆయన మిత్రుడు ఆర్థర్ యంగ్‌లవి.

రక్తపు చుక్కల వెంట

సోమ, మంగళవారాల్లో మా డ్రమ్ము దగ్గరికి ఉడతలే వచ్చాయి. బుధవారం రాత్రి మాత్రం మాతోపాటు బసలో ఉన్న మరో వేటగాడు వణుకుతూ వచ్చాడు. బాణం తగిలిందట. ఎలుగు పొదల్లోకి పరుగెత్తిందట.

అరగంట ఆగాక నలుగురం లైట్లు పట్టుకుని బయల్దేరాం. తుపాకీ గుండులా బాణం ఉన్నచోటే పడగొట్టదు. ఊపిరితిత్తుల గుండా దూసుకుపోవాలి. ఎలుగు ఒంటి మీద దట్టమైన జుట్టు రక్తాన్ని పీల్చేస్తుంది, కొవ్వు గాయాన్ని మూసేస్తుంది. నేలమీద గుర్తులు అంతంతమాత్రం. ఓ ఫెర్న్ ఆకు మీద చుక్క, పది అడుగుల తర్వాత నాచు మీద ఇంకోటి... గైడు మోకాళ్ల మీద పాకుతున్నాడు. నాకు మాత్రం ప్రతి పొద వెనకా మా చిన్నాన్న ఎలుగే ఉంది. గాయపడ్డ ఎలుగు ఎదురైతే ఏమవుతుందో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఎనభై గజాల అవతల పడి ఉంది. లైటు వెలుగులో నేననుకున్నంత పెద్దగా లేదు. ముట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది. గోళ్లు చూశాను. మన ఎలుగు గోళ్లంత పొడవులేవు. చెట్టెక్కడానికి పనికొచ్చేలా పొట్టిగా, వంకరగా ఉన్నాయి. పగ తీరినట్టు ఉంటుందేమోనని లోపల్లోపల అనుకున్నాను. అలాంటిదేమీ కలగలేదు. వేటగాడు కూడా సంబరపడలేదు. 'బాణం సరిగ్గానే తగిలింది' అని రెండుసార్లు తనకు తానే చెప్పుకున్నాడు.

మర్నాడు రిజిస్ట్రేషన్ కోసం దాని చిన్న పన్ను ఒకటి తీశారు. చెట్టు మొదలులోలాగే పంటి వేరులోనూ ఏడాదికో వలయం ఉంటుంది. లెక్కిస్తే వయసు తెలుస్తుంది. రాత్రి కూర వండారు. ట్రైకినెల్లా పురుగు భయంతో చాలాసేపు ఉడికించారు. ఒక ముద్ద తిన్నాను. రెండోది తినలేకపోయాను.

ఆరో సాయంత్రం

శనివారం ఆఖరిరోజు. సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే వేటకు అనుమతి. పొద్దు గుంకింది. అప్పటిదాకా అరుస్తున్న ఉడుత ఉన్నట్టుండి మానేసింది. తలెత్తి చూస్తే డ్రమ్ము పక్కన ఎలుగు! ఎటునుంచి వచ్చిందో తెలియదు. అంత జంతువు నడిచినా ఒక్క ఆకు చప్పుడవలేదు.

అది తల డ్రమ్ములో పెట్టగానే మిత్రుడు విల్లు లాగాడు. ఎలుగు ఒక డోనట్ తీసుకుని మావైపే తిరిగి కూర్చుంది. ఎదురుగా ఉంటే బాణం వేయకూడదు. ఎముకలకు తగిలి దారితప్పితే అది రోజుల తరబడి నరకం పడుతుంది. పక్కకు తిరగాలి... తిరగలేదు. మిత్రుడి మోచెయ్యి సన్నగా వణకడం మొదలైంది. 'తిరుగు' అనుకున్నానో, 'తిరగొద్దు' అనుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

చివరికి నెమ్మదిగా తాడు వెనక్కి వదిలాడు. ఆ చిన్న చప్పుడుకు ఎలుగు తలెత్తి మంచెకేసి చూసింది. తర్వాత లేచి, ఇంకో డోనట్ నోట కరుచుకుని, తీరిగ్గా చీకట్లోకి వెళ్లిపోయింది.

వ్యాను దగ్గర గైడు ఏమీ అడగలేదు. విల్లు అందుకుని వెనకాల పెడుతూ 'రేపటికి ఇంకాస్త బలుస్తుంది' అన్నాడంతే.

మర్నాడు ఆదివారం. ఈ రాష్ట్రంలో ఆదివారాలు వేట నిషేధం. 2024లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం కూడా దాన్నే సమర్థించింది. కాబట్టి అడవిలోని ప్రాణులకూ సెలవే! తిరిగొస్తూ బ్యాంగర్ దగ్గర సిగ్నల్ రాగానే ఊరికి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి.

'ఏట్రా, ఎలుగుని కొట్టీసినారా?' అన్నాడు చిన్నాన్న.

'లేదు చిన్నాన్నా. వచ్చింది. పదహారు గజాల్లో కూర్చుంది.'

'మరేటి సేసింది?'

'మిఠాయి తిని వెళ్లిపోయింది.'

అవతల కాసేపు మాట లేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు... 'మన తోటలోదీ పనసపండు తినీసి ఎలిపోయీదేరా. నానే దానికి అడ్డం ఎలిపోనాను.'